రెండు సుళ్లు

ఆ వానాకాలమంతా మా ఇంట్లో తెల్లవారింది ఒక పరాయి ఆడమనిషి గొంతుతోనే.

"లేచావా తల్లీ? ముందు గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లు. తర్వాత అద్దంలో చూసుకుని ఒక్క నవ్వు నవ్వు. నీ రోగం ఆ నవ్వుకే బెదిరిపోతుంది."

అక్క ఫోనుని బియ్యం డబ్బాకి ఆనించి, అద్దం బదులు దాంట్లోకే చూస్తూ నవ్వేది. ఆవిడతో పద్నాలుగేళ్లుగా ఒకే వంటింట్లో తిరుగుతున్న నాకు ఆ నవ్వు కొత్త.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు, తోడికోడలు. ఇంట్లో ఉండేది నలుగురమే. బావగారిది తూనికలు కొలతల ఆఫీసులో ఉద్యోగం. కొట్టుకొట్టుకీ తిరిగి త్రాసులు చూసి, సరిగ్గా ఉన్న తూకపు రాళ్ల మీద ముద్ర వేసి వస్తారు. మా ఆయన ఫొటోలకి ఫ్రేములు కట్టే కొట్లో పనిచేస్తాడు. నేను విగ్గులు కుడతాను. ఇల్లు నడిపేది అక్క. నడపటమంటే మామూలుగా కాదు. కాపురానికి వచ్చిన మర్నాడు నేను చక్కెర డబ్బా రెండో అరలో పెడితే, పల్లెత్తు మాట అనకుండా తీసి మొదటి అరలో పెట్టింది. మళ్లీ దాన్ని కదిపే ధైర్యం చెయ్యలేదు నేను. నన్ను "అమ్మాయ్" అని పిలిచేది. పనివాళ్లని పిలిచినట్టూ కాదు, సొంతవాళ్లని పిలిచినట్టూ కాదు.

వానలు మొదలైన వారంలోనే ఆ సంగతి తెలిసింది. ఎడమ రొమ్ములో గోళీకాయంత గడ్డ. పరీక్షలు చేసిన డాక్టరమ్మ నాన్చకుండా చెప్పింది. "క్యాన్సరేనమ్మా. చిన్నగా ఉండగానే దొరికింది, అదృష్టం. కానీ ఇది తొందరపడే రకం. ఈ నెలలోపే ఆపరేషన్ చేసేద్దాం. తర్వాత మందులు. జుట్టు ఊడుతుంది, మళ్లీ వస్తుంది."

ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూ అక్క ఒక్క మాటే అంది. "ఊడుతుందిట."

అక్క జడ నడుం దాటి ఉండేది. నా వృత్తిలో ఉన్నవాళ్లు మనిషిని చూడకముందే జుట్టు చూస్తారు. బారెడు జడలో ఒక్క వెంట్రుక చిట్లి ఉండేది కాదు. ఆవిడ తల దువ్వుకుంటుంటే, పద్నాలుగేళ్లలో ఎన్నిసార్లు దొంగచూపులు చూశానో నాకే తెలియదు.

మూడో రోజున ఫోనులో ఆ గొంతు వినపడింది.

*

ఆవిడకి చాలా పేర్లున్నాయి. ఛానెల్లో "డాక్టర్" అని మొదలుపెట్టి పొడుగాటి బిరుదు. వెనక నమ్మి నడిచే లక్షలమందికి ఆవిడ "అమ్మ". మా ఆయన పెట్టిన పేరు రసాలమ్మ. పొద్దున ఆకుపచ్చ రసం, మధ్యాహ్నం ఎర్ర రసం, సాయంత్రం ఏదో బూడిదరంగు కషాయం, తొంభై రోజులు. తనకీ అక్కకి వచ్చిన రోగమే వచ్చిందట. ఆస్పత్రులు చేతులెత్తేశాయట. జుట్టంతా రాలిపోయి, తలకి గుడ్డ చుట్టుకుని, చావుకి ఎదురుచూస్తున్న రోజుల్లో ఈ రసాల సంగతి తెలిసిందట. పాత వీడియోల్లో తలకి పసుపు గుడ్డ. కొత్తవాటిలో కోడిపిల్ల ఈకల్లాంటి పొట్టి జుట్టు.

"వెనకాల ఆ సర్టిఫికెట్టు చూశావా వదినా?" అన్నాడు మా ఆయన ఒకసారి, అన్నం ముద్ద నోట్లో ఉండగానే. "కాగితం సంగతి తెలియదు గానీ ఫ్రేము మాత్రం అసలుసిసలు టేకు. మా కొట్లో అయితే ఆ ఫ్రేముకి మంత్రిగారి ఫొటో ఉండాలి."

"నవ్వండి," అంది అక్క. "నవ్విన నాపచేనే పండుతుంది."

బావగారు నవ్వలేదు. ఆయన చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీశారు. దుకాణాల తనిఖీలో రాసుకునే పుస్తకం. అందులో ఒక పేజీ నిండా రసాలమ్మే.

"ఈ వీడియోలో రెండో దశ అంది. దీనిలో నాలుగో దశ. మొదట్లో ఎడమ వైపు అని చెయ్యి పెట్టి చూపించింది. మొన్న కుడి వైపు."

"ఫోను అద్దంలా తిప్పి చూపిస్తుందండీ," అంది అక్క, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "ఎడమ కుడి అవుతుంది. ఆ మాత్రం తెలియదా?"

"దశ కూడా తిరగబడుతుందా?"

"తగ్గుతూ వచ్చింది కాబట్టి మారింది."

"డాక్టరని రాసుకుంది. ఏ కాలేజీలో చదివిందో చెప్పమని మెసేజి పెట్టాను. ఏమని జవాబొచ్చిందో తెలుసా?" ఆయన ఫోను దూరంగా పట్టుకుని చదివారు. "అనుమానం కూడా ఒక విషమే నాన్నా. ముందు దాన్ని వదిలించుకో."

"బానే చెప్పింది."

"అది జవాబు కాదే! కిరాణా కొట్టువాడు కూడా త్రాసు మీద ముద్ర ఏదిరా అంటే చూపిస్తాడు. ఈవిడకి ముద్ర ఎవరు వేశారని అడగటం తప్పా?"

అక్క కంచం ముందునుంచి లేచింది. "ముద్రలున్న డాక్టరు నన్ను కోస్తానంది. ముద్ర లేనావిడ బతికి కూర్చుని మాట్లాడుతోంది. ఆవిడ జుట్టు చూడండి, తిరిగొచ్చింది. కళ్లెదుట కనపడేదాన్ని మించిన ముద్ర ఏముంటుంది?"

ఆ తర్వాత ఆయన ఎంత చెప్పినా, బతిమాలినా, ఒకరోజు కోపంతో గ్లాసు విసిరికొట్టినా, అన్నిటికీ అక్క దగ్గర అదే జవాబు. జుట్టు తిరిగొచ్చింది కదా.

*

ఆ తొంభై రోజుల రసాల దీక్షలో ఉన్నవాళ్లకి పొయ్యి సెగ తగలకూడదని రసాలమ్మ చెప్పింది. దాంతో వంటిల్లు నా చేతికి వచ్చింది.

అక్క కిటికీ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. నేను బీట్‌రూట్ చెక్కు తీసి, తురిమి, గుడ్డలో పిండేదాన్ని. వేళ్లు ఎర్రబడిపోయేవి. ఆ వేళ్లతో పనికి వెళితే తోటివాళ్లు "ఎవర్ని చంపి వచ్చావే?" అని ఆటపట్టించేవారు. పిండిన రసం గ్లాసులో పోసి ఇస్తే, అక్క కళ్లు మూసుకుని గుటకలు వేసి, మూతి తుడుచుకుని, "నీ చేతిలో తియ్యదనం ఉంది చెల్లీ" అనేది.

చెల్లీ. పద్నాలుగేళ్ల తర్వాత.

బయట వాన పడుతుండేది. మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోని సంగతులు మాట్లాడుకున్నాం. చిన్నప్పుడు బడిలో పరుగు పందెంలో మొదటి బహుమతి వచ్చిందని, పెళ్లయ్యాక ఎవరితోనూ ఆ మాట చెప్పలేదని చెప్పింది. మా ఆయన గురకని అనుకరించి చూపిస్తే పొలమారేదాకా నవ్వాను. బరువు తగ్గింది. మొహం సన్నబడింది. "విషం పోతోంది" అనేది.

ముప్పై ఒకటో రోజు పొద్దున, నేను కేరట్లు తరుగుతున్నాను. ఫోనులో రసాలమ్మ జుట్టు గురించి చెబుతోంది. "చూడండి తల్లులూ, వేలెడు పెరిగింది. ముందే కాదు, వెనక కూడా." అని కుర్చీలో పూర్తిగా అటు తిరిగింది.

చాకు ఆగిపోయింది.

"ఎంత ఒత్తుగా వచ్చిందో చూడు," అంది అక్క. "రెండు సుళ్లు కూడా ఉన్నాయి ఆవిడకి. రెండు సుళ్లుంటే రెండు పెళ్లిళ్లంటారు గానీ, ఈవిడకి రెండు జన్మలు!"

"ఊఁ," అన్నాను.

*

ఆ రెండు సుళ్లూ నేను పెట్టినవి.

మేం పనిచేసేది ఒక పాత భవనం రెండో అంతస్తులో. పొడుగాటి బల్ల, దానికి బిగించిన చెక్క తలలు, ఒక్కో తలకీ సన్నటి వల తొడిగి ఉంటుంది. కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుకా వలలోంచి లాగి ముడి వెయ్యాలి. ఒక తలకి మూడు వారాలు పడుతుంది. వానాకాలంలో కడిగిన జుట్టు ఆరదు, ఇంకో వారం. నడినెత్తి దగ్గర సుడి తిప్పటం అన్నిటికన్నా కష్టం. నాది ఎడమచేతి వాటం. వేసవిలో ఒక పొట్టి విగ్గుకి రెండు వైపులనుంచీ మొదలుపెట్టి, మధ్యలో కలిసే చోట లెక్క తప్పి, ఒక సుడి ఇటు, ఒకటి అటు తిరిగిపోయాయి. మా యజమానురాలు భూతద్దంలో చూసింది. ఆవిడని అందరం పెద్దమ్మ అంటాం. "రెండు సుళ్ల మనుషులుండరా ఏం? పోనీ. విప్పితే వల చిరుగుతుంది," అంది.

ఎవరి తలో మాకు తెలియదు. తెలియకూడదు. పెద్దమ్మ దగ్గర పనిలో చేరేటప్పుడు మొట్టమొదట చెప్పే మాట అదే. మాకొచ్చేది ఒక కార్డు. దాని మీద ఒక నంబరు, తల కొలతలు, అడుగున ఒక చిన్న గడి. లోపల జుట్టు ఉందా, లేదా. లేకపోతే విగ్గు అంచులకి మెత్తటి నూలుగుడ్డ కుడతాం, మందులతో పాడైన చర్మం గరుకుని తట్టుకోలేదు కాబట్టి. ఉంటే నాలుగు క్లిప్పులు కుడతాం. క్లిప్పు పట్టుకోవాలంటే కింద జుట్టు ఉండాలి కదా.

ఆ రోజు భోజనాల వేళ, అందరూ కిందికి వెళ్లాక, పాత కార్డుల సొరుగు తీశాను. సొరుగు తీసినవాళ్లు పక్కనున్న పుస్తకంలో తేదీ వేసి సంతకం పెట్టాలి. పెట్టాను. కార్డు దొరికింది. చుట్టుకొలత మామూలు ఆడవాళ్ల తలకన్నా అంగుళన్నర ఎక్కువ. చుట్టిన జుట్టు మీదనుంచి తీసిన కొలత. అడుగున గడిలో 'ఉంది'. పక్కనే నా చేతిరాత: క్లిప్పులు నాలుగు.

ఆవిడ జుట్టు ఎప్పుడూ ఊడలేదు. ఆ పసుపు గుడ్డ కిందా ఉంది, నా విగ్గు కిందా ఉంది.

"ఏం వెతుకుతున్నావే?" పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

చెప్పాను. అంతా కాదు. ఈ తల ఎవరిదో నాకు తెలిసిందని, ఆవిడ మాటలు పట్టుకుని మా ఇంట్లో ఒకరు వైద్యం మానేశారని.

ఆవిడ నా చేతిలోంచి కార్డు తీసుకుని సొరుగులో పెట్టి మూసింది. "మనం తలలు చేస్తామే, తలరాతలు కాదు. ఈ గదిలోంచి ఒక్క పేరు బయటికి పోతే రేపు మనల్ని నమ్మి ఎవరు తల వంచుతారు? నిజంగా జబ్బుచేసిన వాళ్లు కూడా రారు." అని, తర్వాత "మీ వాళ్లకి ఇంకో విధంగా నచ్చచెప్పుకో" అంది.

ఇంకో విధం లేదని నాకు తెలుసు. అక్క నమ్మకానికున్న ఒకే ఒక్క కాలు ఆ జుట్టు.

*

వెంటనే ఎందుకు చెప్పలేదని అడిగితే కారణాలు చాలా చెప్పగలను. పని పోతుందని. ఇచ్చిన మాట తప్పటం అవుతుందని. తోడికోడలి మాటకి ఓర్వలేనితనం అనే పేరు సిద్ధంగా ఉంటుందని. ఆ ఆశ కూడా తీసేస్తే మనిషి కుప్పకూలిపోతుందేమోనని. రేపు చెబుదామని, ఎల్లుండి ఆవిడ ఒంట్లో బాగుంటే చెబుదామని.

ఇవన్నీ నిజాలే. కానీ ఆ రోజుల్లోనే ఒక పొద్దున్న నేను చక్కెర డబ్బా తీసి రెండో అరలో పెట్టాను. అక్క స్టూలు మీదనుంచి చూసింది. చూసి, కిటికీ వైపు తిరిగింది.

నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

రోజూ రసం పిండేదాన్ని. రోజూ ఆ రెండు సుళ్లు ఫోనులో అటూ ఇటూ తిరిగేవి. అద్దంలా తిప్పి చూపించినా రెండు రెండే. రాత్రి కళ్లు మూసుకుంటే నా వేళ్ల కింద ముడులు కదిలేవి, ఒక సుడి ఇటు, ఒక సుడి అటు. పక్కన మా ఆయన "నిద్రలో ఏంటే, దుప్పట్లో దారాలు పీకుతున్నావు?" అని కసిరేవాడు.

యాభై ఏడో రోజు. మధ్యాహ్నం ముసురు పట్టి ఉంది. స్నానాల గదిలోంచి అక్క పిలిచింది. "చెల్లీ, కాస్త ఇలా రా. చెయ్యి లేవట్లేదు. జాకెట్టు హుక్కులు పెట్టు."

ఆవిడ నాకు వీపు పెట్టి నిలబడింది. హుక్కులు ముందు వైపు. ఆవిడ తిరగక తప్పలేదు, నేను చూడక తప్పలేదు. గోళీకాయ ఇప్పుడు నిమ్మకాయంత అయింది. దాని మీద చర్మం నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా, లోపలికి లాక్కుపోయి ఉంది. చంకలో ఇంకో బొడిపె.

"విషం ఒక చోట చేరి బయటికి వస్తుందని చెప్పిందిగా," అంది అక్క నా మొహం చూసి. కానీ గొంతులో ఎప్పటి ధీమా లేదు. అడుగుతున్నట్టు ఉంది.

నాలుగు హుక్కులూ పెట్టాను. పెడుతూ చెప్పాను. మొదటి హుక్కు దగ్గర మొదలుపెట్టిన మాట చివరి హుక్కు దాకా ఆగలేదు.

అక్క తడి గోడకి ఆనుకుని విన్నది. తర్వాత వంటింట్లోకి వెళ్లి ఫోను తీసి, ఆ వీడియో పెట్టి, ఆవిడ అటు తిరిగిన చోట ఆపింది. చాలాసేపు చూసింది.

"నువ్వే కుట్టావా?"

"నేనే అక్కా."

"క్లిప్పులెన్ని?"

"నాలుగు."

"కింద జుట్టుంటేనేనా పెట్టేది?"

"ఊఁ."

పొయ్యి మీద ఏదో సన్నగా ఉడుకుతోంది. ఆవిడ దాని వైపు చూసి, మళ్లీ నా వైపు చూసింది.

"ఎప్పుడు చూశావు?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. జవాబు మాత్రం నేను అనుకోకుండానే నోట్లోంచి వచ్చేసింది. "నిన్న."

"నిన్న చూసి ఈరోజే చెప్పావు." అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది. "పని పోతుందేమో కదే నీకు?"

పక్కనే ఉన్న గ్లాసులో అప్పుడే పిండిన ఎర్ర రసం ఉంది. అక్క దాన్ని తీసుకుని, మామూలుగా కళ్లు మూసుకోకుండా, చివరి చుక్క దాకా తాగేసింది. "పారబొయ్యటం ఎందుకు, అంత కష్టపడి పిండావు," అని గ్లాసు బోర్లించి, "మీ బావగారు రాగానే చెప్పు, రేపు ఆస్పత్రికి వెళ్దామని" అంది.

*

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. పాత కాగితాలు, కొత్త కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చూసింది. "ఇప్పుడు కొయ్యటానికి లేదమ్మా. ముందు మందులిచ్చి చూద్దాం. ఒక్క నెల ముందు వచ్చినా వేరేగా ఉండేది."

"తెలిసిన మర్నాడే వచ్చేశామండీ," అంది అక్క. నా భుజం మీద చెయ్యి వేసి, పదిమందికీ వినపడేటట్టు చెప్పింది. "ఇదిగో, ఇది చెప్పింది. మా తోడికోడలు. ఉద్యోగం పోయినా సరేనని చెప్పింది. ఇది చెప్పకపోతే నేనింకా అక్కడే ఉందును."

బల్లకి అవతలనుంచి బావగారు నాకు చేతులెత్తి నమస్కారం పెట్టారు. ఆ ఇంట్లో మగవాళ్లు ఆడవాళ్లకి నమస్కారం పెట్టటం నేనెప్పుడూ చూడలేదు.

అప్పట్నుంచి అక్క మందుల సీసా ఎక్కించుకున్నప్పుడల్లా పక్క మంచం వాళ్లకి, నర్సులకి, వార్డు ఊడ్చే ఆవిడకి అదే కథ. "మర్నాడే చెప్పిందండీ." నేను దుప్పటి సర్దుతున్నట్టు వంగిపోయేదాన్ని. వాళ్లందరూ నావైపు ఎంత మంచిగా చూసేవారో! జడ రెండో వారానికే చేతికొచ్చేసింది. అక్క దాన్ని దిండు మీదనుంచి తీసి నాకిచ్చింది. మరుసటి వానాకాలాన్ని ఆవిడ చూడలేదు. కానీ ఆ రోజు ఆ సంగతి మాకింకా తెలియదు.

ఒక పొద్దున వార్డులో, సూది ఉన్న చేతికి అవతల, ఫోను మోగింది. "అభినందనలు తల్లీ! ఈరోజు నీ తొంభయ్యో రోజు. నీ ఒంట్లో ఇప్పుడు రోగమన్నదే లేదు. అద్దంలో చూసుకుని ఒక్క నవ్వు నవ్వు."

దీక్షలో రాయించిన పేరు తీసేయించటం మరిచిపోయాం. లెక్క దాని మానాన అది నడుస్తూనే ఉంది.

అక్క నున్నటి తల దిండుకి ఆనించి, ఫోను మొహానికి దగ్గరగా పట్టుకుని విన్నది. నాకు అందించింది.

"జవాబు పెట్టు."

"ఏమని అక్కా?"

"అందింది అని పెట్టు." కాసేపు పైకప్పు వైపు చూసి, "ఇవాళ ఇంకెంతమందికి తొంభయ్యో రోజో" అంది.

*

ఆ మాటే బావగారిని పట్టుకుంది. ఆయన సెలవు పెట్టి ఆఫీసులన్నీ తిరిగి ఒక ఫిర్యాదు కాగితం తెచ్చారు. లేని జబ్బు చెప్పుకుని, లేని చదువు పెట్టుకుని వైద్యం చేస్తోందని. ఆయన పుస్తకంలో రాసుకున్నవన్నీ కలిపి కుట్టారు. కానీ అవన్నీ ఆవిడ నోటి మాటలు, తడబడ్డానంటే సరిపోతుంది. కొట్టిపారెయ్యలేని సాక్ష్యం ఒక్కటే ఉంది.

పెద్దమ్మని కార్డుకి జిరాక్సు అడిగాను. కార్డుతోపాటు సొరుగు పుస్తకంలో నేను సంతకం పెట్టిన పేజీకి కూడా తనే జిరాక్సు తీసి ఇచ్చింది. ఇచ్చాక, "రేపట్నించి రాకే" అంది. కోపంగా కాదు. నా కొక్కెం సూది నా చేతిలో పెట్టి మరీ చెప్పింది. ఆ పేజీ నేను చీర మడతల్లో దాచాను.

వానలు వెనకపట్టు పట్టిన ఒక ఆదివారం పొద్దున. అక్క ఆస్పత్రిలో ఉంది, మా ఆయన తోడుకి వెళ్లాడు. వంటింటి బల్ల దగ్గర బావగారు కాగితం పరిచి, కలం మూత తీసి ఇచ్చారు. నేను రాశాను. నా పని, ఆ విగ్గు, కొలత, క్లిప్పులు నాలుగు, సుళ్లు రెండు. చివర ఒక గడి: ఈ విషయం మీరు ఏ తేదీన గుర్తించారు?

కలం ఆగింది.

"తేదీ జాగ్రత్తమ్మా," అన్నారు ఆయన. అక్క కూర్చునే స్టూలు మీద కూర్చుని, అక్కకి తీసుకెళ్లటానికి గిన్నె తుడుస్తున్నారు. "అవతల లాయరు చూసేది అదే. మా ఆఫీసులోనూ అంతే. రాయి సరైందే అయినా ముద్ర మీద ఏడాది తేడా ఉంటే కేసు గాలికి పోతుంది. మీ కొట్లో ఏదైనా పుస్తకం ఉంటే, దానికీ దీనికీ సరిపోవాలి. మొన్న ఆస్పత్రికి వెళ్లిన ముందురోజుకి ముందురోజు కదా నువ్వు చూసింది?"

అవుననొచ్చు. ఆ పేజీని పొయ్యిలో పెట్టొచ్చు. అసలు పుస్తకం మాత్రం పెద్దమ్మ దగ్గరే ఉంటుంది. తెలిసి కూడా నేను నోరు మూసుకుని ఉండటం రసాలమ్మకి ఇరవయ్యారు రోజులు పనికొచ్చింది. ఇంకొక్క అబద్ధంతో జీవితాంతం పనికొస్తుంది.

చీర మడతల్లోంచి పేజీ తీసి బల్ల మీద పెట్టాను. గడిలో తేదీ వేశాను. రెండూ ఆయన వైపు తిప్పాను.

ఆయన చదివారు. పుస్తకం పేజీ చూశారు, నా కాగితం చూశారు, మళ్లీ పేజీ చూశారు. వేలితో గోడ క్యాలెండరు మీద ఒక్కొక్క గడీ దాటుకుంటూ లెక్కపెట్టటం మొదలుపెట్టారు. కిందికి వచ్చి, ఆకు తిప్పి, మళ్లీ మొదటినుంచి. వేలు ఆగేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

"ఆవిడకి తెలుసా?"

"తెలియదు బావగారూ."

ఆయన తల ఊపారు. "తెలియనివ్వకు." కాగితం కింది భాగం చూపించి, "ఇక్కడ సంతకం మర్చిపోయావు" అన్నారు.

సంతకం పెట్టాను. ఆయన కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నారు. వాటి పుణ్యమా అని, కొన్నాళ్లకి రసాలమ్మ పేరు ముందు "డాక్టర్" పోయింది. రసాలు పోలేదు. జుట్టు నడుం దాకా పెరిగిందని ఈమధ్య చూపిస్తోందట. సొంత జుట్టే అయి ఉంటుంది.

ఆ రోజు అన్నం వడ్డిస్తే ఆయన ఎప్పట్లాగే తిన్నారు. ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయిందన్నారు. తిన్నాక నేను కంచం కోసం చెయ్యి చాపాను. ఆయన నా చేతిని దాటించి కంచం తీసుకుని, పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లి, గొంతుక్కూర్చుని, అలవాటు లేని చేతులతో కడుక్కున్నారు. ఆ పూట నుంచి ఆయన కంచం ఆయనే కడుక్కుంటున్నారు. నేను వద్దనలేదు.